పుస్తకం మర్లెయ్యి

కోరుట్ల,
20 సెప్టెంబర్ 2011.

కోడలు పిల్ల మానసకు,

నీ పేరు మీద ఉత్తరం వచ్చిందని భయపడకు, ఎవరికీ ఏమీ కాలేదు. కోరుట్ల నుంచి మీ సుజాత అత్త రాస్తున్నది. సకల జనుల సమ్మెలో బడులు బంద్, బస్సులు బంద్, కరెంటు ఉన్నప్పుడు ఉంటుంది. మీ ఇంట్లో ఉన్న ఒక్క సెల్లు పనికి పోయిన మీ బాపు జేబులో సిరిసిల్లలో తిరుగుతుంది. పోస్టాఫీసు ఒక్కటే తెరిచి ఉంది కాబట్టి దాన్ని నమ్ముకున్నాను.

నిన్న మీ బాపు ఫోన్ చేశాడు. "బడి తెరుస్తరో తెర్వరో ఎవలకెరుక. పిల్ల ఊకె ఇంట్ల కూసున్నది. నాగవ్వ వదినె కండెలు సుట్టెతందుకు తోలుమంటున్నది" అన్నాడు. మీ నాగవ్వ పెద్దమ్మ చెడ్డ మనిషేం కాదు. సిరిసిల్లలో మరమగ్గాల సాంచాల దగ్గర నూలు కండెలు చుట్టే ఆమె ఇల్లు గడుపుకొచ్చింది, నిన్నూ అక్కడే కూర్చోబెడితే నీడపట్టున ఉంటావనుకుంది. కానీ నాకు ఒళ్ళు మండింది. పదో తరగతి మధ్యలో పిల్లను లేపుకుపోతే మళ్ళీ ఆ పిల్ల బడి మెట్లు ఎక్కదని అన్నతో గట్టిగానే అన్నాను. చాలాసేపు వాదించాక ఒక మాట మీదకు వచ్చాడు. ఆర్నెల్ల పరీక్షల్లో అన్నిట్లో పాసైతే నీ చదువు సాగుతుంది. ఒక్కదాంట్లో తప్పినా క్రిస్మస్ తర్వాత నువ్వు సిరిసిల్లకే. నాకు తెలిసి మా ఏసయ్య అన్న ఇచ్చిన మాట తప్పడు, అది మనకు మంచికీ చెడుకీ కూడా.

నేను టీచర్ని, నేనూ సమ్మెలోనే ఉన్నాను. రోజూ శిబిరంలో కూర్చుంటున్నాను. బడికి తాళం వేసి వచ్చిన చేత్తోనే నీకు పాఠం ఎట్లా చదవాలో రాస్తున్నాను, అది నాకూ వింతగానే ఉంది. నేను చెప్పేది పాఠం కాదు, పాఠాన్ని పట్టుకునే తీరు. ఒకసారి మెల్లగా చదువు. చదివాక పుస్తకం మర్లెయ్యి. అసలు పని అదే. సారంగాపూర్‌లో మా బాపు బైబిల్ వాక్యాలు చదివి మా ఇద్దరికీ నేర్పినప్పుడు "మర్లేసినంకనే అది నీది" అనేవాడు. ఆ మాటను బడి తెలుగులోకి మార్చబుద్ధి కాలేదు, అందుకే మన ఇంటి మాటే రాశాను.

నువ్వు మాత్రం నాకు ఉత్తరాలు బడి తెలుగులోనే రాయి. పరీక్షలో అదే రాయాలి. ఎవరైనా అన్న మాటలు రాసేటప్పుడు మాత్రం వాళ్ళు అన్నట్టే రాయి, లేకపోతే ఉత్తరం చప్పగా ఉంటుంది.

నీ మీద ఆశ పెట్టుకున్న
అత్త

ఎల్లారెడ్డిపేట,
1 అక్టోబర్ 2011.

అత్తకు మానస వందనాలు.

నీ ఉత్తరం తెచ్చిన పోస్టాయన వాకిట్లో నిలబడి "ఏందే, నౌకరి అచ్చిందా" అని అడిగాడు. అమ్మ పత్తి చేను నుంచి వచ్చాక చదివి వినిపించాను. పెద్దమ్మ సంగతి నాకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు. అమ్మకు తెలుసట. ఆ పూట అమ్మతో మాట్లాడలేదు.

నాకు కండెలు చుట్టాలని లేదు. పెద్దమ్మ ఇంటికి పోయినప్పుడల్లా ఆ సాంచాల చప్పుడుకు నా తల తిరుగుతుంది, వాళ్ళు అరిచి మాట్లాడుకుంటారు. నాకు నర్సు చదవాలని ఉంది. ఇది బాపుకు కూడా చెప్పలేదు, నీకే చెప్తున్నాను.

నువ్వు చెప్పినట్టు పుస్తకం మర్లేస్తూనే ఉన్నాను. జీవశాస్త్రంలో రక్త ప్రసరణ పాఠం ఎన్నిసార్లు మర్లేశానో లెక్కే లేదు. పేజీల మూలలు నలిగిపోయాయి. అమ్మ చూసి "గా పుస్తకాన్ని గట్ల సంపకే, జర ఇడిసిపెట్టు" అంటున్నది. మొదట్లో కష్టంగా ఉండేది. ఇప్పుడు కళ్ళు పెట్టగానే గడగడ సాగిపోతుంది, అన్నీ తెలిసిన మాటల్లాగే ఉన్నాయి.

మొన్న రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. మేమూ బతుకమ్మ ఆడాము. అక్కడ ఒక సారు తెలంగాణ వస్తే పిల్లలకు మంచి రోజులొస్తాయని చెప్పారు. ఆయన మా లెక్కల సారే. నాకు నవ్వొచ్చింది. తెలంగాణ వచ్చేదాకా మాకు లెక్కలు ఎవరు చెప్తారత్తా? నువ్వూ టీచర్‌వే కాబట్టి నిన్ను అడుగుతున్నాను.

ఇట్లు
కండెలు చుట్టని మానస

కోరుట్ల,
9 అక్టోబర్ 2011.

మానసా,

నీ ఉత్తరంలో వంటావార్పు ముక్క మాత్రం శిబిరంలో నలుగురికి చదివి వినిపించాను. లెక్కల సారు మాట దగ్గర అందరూ నవ్వారు. నీ ప్రశ్న సరైనదే. మీకు నష్టం జరుగుతున్నది, నిజం. మేము ఇప్పుడు కూర్చోకపోతే రేపు మీరు చదివి కూడా ఖాళీగా తిరుగుతారని మా భయం, అదీ నిజమే. రెండు నిజాలూ నా నెత్తి మీదే ఉన్నాయి. మా బడి పిల్లల్ని సాయంత్రాలు శిబిరం వెనక చాప మీద కూర్చోబెట్టి చదివిస్తున్నాను. కొందరు టీచర్లకు అది నచ్చలేదు, నచ్చకపోనీ.

నర్సు మాట నా దగ్గరే ఉంటుంది.

అన్నిసార్లు మర్లేశావంటే నాకు ఎంత సంతోషమయిందో చెప్పలేను. పెద్ద పిల్లలే రెండుసార్లకు విసుక్కుంటారు. గడగడ వస్తున్నదంటే పాఠం నీదవుతున్నట్టే. ఇంకొక మాట. ఒకే పాఠాన్ని పట్టుకుని రోజంతా కూర్చోకు. ఇవాళ చదివింది వదిలేసి లెక్కలు చెయ్యి, సాంఘికం చూడు. కొంత మరపు పడ్డాక దాని దగ్గరకు వచ్చి మళ్ళీ మర్లెయ్యి. మరపు పడ్డదాన్ని లాగి తెచ్చుకుంటేనే గట్టిపడుతుంది.

దీనితో పాటు కొన్ని ప్రశ్నలు పంపుతున్నాను. జవాబులు రాసి పంపు.

శిబిరం నుంచి
అత్త

ఎల్లారెడ్డిపేట,
19 అక్టోబర్ 2011.

అత్తకు,

జవాబులు పంపుతున్నాను. గుండె బొమ్మ కూడా వేశాను. మంచి రక్తం ఎర్ర పెన్నుతో, చెడు రక్తం నీలం పెన్నుతో గీశాను. రాయడానికి రెండు రోజులు పట్టింది కానీ ఒక్క కొట్టివేత కూడా లేదు, చూడు.

బడి తెరుస్తారని ఊళ్ళో అనుకుంటున్నారు. మూడు నెలల పరీక్ష తెరిచిన వెంటనే పెడతారట. నాకు భయం లేదు.

నీ
మానస

కోరుట్ల,
29 అక్టోబర్ 2011.

నా బంగారు కోడలా,

సమ్మె ఆగింది. బడికి పోతున్నాను. మనసులో వెలితిగానే ఉంది, తెలంగాణ రాకుండానే తాళం తీశామని. పిల్లల ముఖాలు చూశాక కొంత నయం.

నీ జవాబులు చదివాను. అక్షరం తప్పు లేదు. స్టాఫ్ రూంలో అందరికీ చూపించాను. ఊరుకోలేక మీ బాపుకు కూడా ఫోన్ చేసి "నీ బిడ్డ గురించి ఇగ రందివెట్టుకోకు, పాసైనట్టే" అని చెప్పాను. ఆయన ఆ మాట నాతో రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత "గంత మంచిగ రాసిందా" అని అడిగాడు. ఆ గొంతు నువ్వు వినాల్సింది.

గర్వంతో
అత్త

ఎల్లారెడ్డిపేట,
14 నవంబర్ 2011.

అత్తా,

మూడు నెలల పరీక్ష పేపర్లు ఇచ్చారు. తెలుగు, హిందీ తప్ప అన్నీ తప్పాను. జీవశాస్త్రంలో యాభైకి తొమ్మిది వచ్చాయి.

గుండె బొమ్మ అడిగారు. వేద్దామని పెన్ను పట్టుకున్నాను. పుస్తకంలో ఆ బొమ్మ ఏ పేజీలో ఉందో, ఏ పక్కన ఉందో, దాని కింద ఎన్ని వరుసలు ఉన్నాయో అంతా కనిపిస్తున్నది. లోపల ఏముందో మాత్రం రాలేదు. చుట్టూ గీత గీసి కూర్చున్నాను. అందరూ రాస్తున్నారు.

బాపు ఆదివారం వచ్చి పేపర్లు చూశాడు. ఎందుకు తప్పానని అడిగితే తెలియదన్నాను. నువ్వు ఆయనకు ఆ ఫోన్ చేయకపోతే బాగుండేది.

మానస

జగిత్యాల,
19 నవంబర్ 2011.

మానసా,

టీచర్ల శిక్షణ కోసం జగిత్యాలలో ఉన్నాను. నీ ఉత్తరం ఇంటి నుంచి ఇక్కడికి పంపారు. ఇక్కడ వినాల్సిన మాటలేవీ నా చెవికి ఎక్కడం లేదు.

ఇక్కడివాళ్ళకు చూపిద్దామని వెంట తెచ్చుకున్న నీ జవాబులు మళ్ళీ తీసి, పాఠ్యపుస్తకం పక్కన పెట్టుకుని చూశాను. పుస్తకంలో ఎక్కడ కామా ఉందో నీ దగ్గరా అక్కడే ఉంది. ఇదంతా చూసి రాసిన రాత. అప్పుడే నాకు తెలియాల్సింది. నీకు రోడ్ల మీద ఆటలు, పాటలు సరిపోయినట్టున్నాయి, పుస్తకం మర్లేశానని నాకు ఉత్తరాల్లో కబుర్లు చెప్పావు. నన్ను మోసం చేస్తే ఊరుకునేదాన్ని. నీ మీద నమ్మకంతో నేను మీ బాపు దగ్గర నోరు పారేసుకున్నాను. ఇప్పుడు ఆయనకు ఏ ముఖంతో ఫోన్ చెయ్యాలి?

నిజం చెప్పు. చదవడానికి కూర్చున్నప్పటి నుంచి లేచేదాకా ఏం చేస్తావో, ఒక్కటి కూడా దాచకుండా రాయి. నాకు కబుర్లు వద్దు.

సుజాత

ఎల్లారెడ్డిపేట,
23 నవంబర్ 2011.

సుజాత అత్తకు,

నీ ఉత్తరం అమ్మకు పూర్తిగా చదివి వినిపించలేదు. మధ్యలో ఆపేసి బాగున్నారట అని చెప్పాను. ఆ అబద్ధం ఒక్కటే ఆడాను. నీకు ఎప్పుడూ ఆడలేదు.

చూసి రాశాను, అవును. చూడకుండా రాయమని నువ్వు ఎక్కడ రాశావు? నీ ఉత్తరాలన్నీ నా దగ్గరే ఉన్నాయి, నిన్న మళ్ళీ వెతికాను. జవాబులు రాసి పంపు అని ఉంది. రాసి పంపాను. నీకు అందంగా కనిపించాలని రెండు రోజులు కూర్చున్నాను, దాన్ని మోసం అంటున్నావు.

ఏం చేస్తానో రాయమన్నావు కదా, రాస్తున్నాను. ముఖం కడుక్కుని వాకిట్లో మంచం మీద కూర్చుంటాను. పాఠం మొదటి నుంచి చివరిదాకా చదువుతాను. అయిపోగానే నువ్వు చెప్పినట్టు మర్లేస్తాను. అంటే పేజీలు వెనక్కి తిప్పి మళ్ళీ మొదటికి వచ్చి, ఇంకోసారి చదువుతాను. అది అయ్యాక మళ్ళీ మర్లేస్తాను. కళ్ళు మంటలు పుట్టేదాకా అదే పని. అమ్మ పిలిచినా లేవలేదు. బతుకమ్మకు పోయింది ఒక్కసారి, అదీ నీకు రాశాను.

ఇంతకంటే నాకు చదవడం చేతకాదు. నా తలలో ఏదీ నిలవదేమో. బాపును ఏమీ అడగకు, క్రిస్మస్ దాకా కూడా ఎందుకు, ఇప్పుడే పోతాను.

మానస

కోరుట్ల,
26 నవంబర్ 2011.

తల్లీ, మానసా,

ముందు ఇది చదువు. తప్పు నీది కాదు. నీ తలకు ఏమీ కాలేదు. నేను రాసిన ఒక్క మాట నీకు వేరే అర్థంతో చేరింది, రెండు నెలలు నేను గమనించనే లేదు.

నీ ఉత్తరం చదువుతూ "పేజీలు వెనక్కి తిప్పి" అన్న చోట ఆగిపోయాను. కుర్చీలో కూర్చోలేకపోయాను. మర్లెయ్యడం అంటే మా సారంగాపూర్ ఇంట్లో బోర్లించడం. పెనం మీద రొట్టెను మర్లేసినట్టు, పుస్తకాన్ని అట్ట పైకి వచ్చేలా నేల మీద బోర్లా పెట్టి, అక్షరం కనబడకుండా చేసి, చదివింది నోటితో చెప్పడం, కాగితం మీద రాయడం. కాగితాలు తిరగేయడాన్ని కూడా మర్లెయ్యడమే అంటారు కదా, నాకు ఆ ఊహే రాలేదు. నువ్వు పాపం చెప్పింది చెప్పినట్టు చేశావు. ఎన్నిసార్లు మర్లేశావో రాసినప్పుడల్లా నేను ఇక్కడ మురిసిపోయాను. టీచర్ని కదా, పిల్లకు ఒక మాట చెప్పాక ఏం అర్థమయిందో మళ్ళీ చెప్పించాలని బళ్ళో అందరికీ చెప్తాను. నా కోడలి దగ్గర ఆ పని చెయ్యలేదు. నిన్ను మోసగత్తె అన్నాను. నన్ను క్షమించు, బిడ్డా. ఉత్తరంలో రాయడం సులువు, నీ ఎదురుగా కూర్చుని కూడా చెప్తాను.

ఇప్పుడు విను. మళ్ళీ మళ్ళీ చదివితే కళ్ళకు అలవాటవుతుంది, అన్నీ వచ్చినట్టే అనిపిస్తుంది. పరీక్షలో నీ ముందు పుస్తకం ఉండదు, తెల్లకాగితం ఉంటుంది. అందుకని రోజూ తెల్లకాగితం ముందే కూర్చో. ఒకసారి చదువు, పుస్తకం బోర్లా పెట్టు, గుర్తున్నది రాయి. రాదు. మొదట ఏమీ రాదు, ఏడుపొస్తుంది. అప్పుడు పుస్తకం ఎత్తి ఎక్కడ తప్పావో చూడు, మళ్ళీ బోర్లా పెట్టు. అర్థమయిందా లేదా తెలియకపోతే మీ అమ్మకు చెప్పి చూడు. ఆమెకు అర్థమయ్యేలా చెప్పగలిగితే నీకు వచ్చినట్టు. లెక్కల్లో తప్పిన ప్రతిదాని పక్కన ఎందుకు తప్పావో ఒక్క వాక్యం రాయి. రాలేదు అని రాయొద్దు, ఎందుకు రాలేదో రాయి.

పరీక్షలకు టైం తక్కువ ఉంది. అయినా కూర్చో. నేను చెప్పిన ఇదంతా నీకు ఏం అర్థమయిందో నాకు నీ మాటల్లో రాసి పంపు, ఈసారి చూడకుండా.

నీకు బాకీ పడ్డ
అత్త

ఎల్లారెడ్డిపేట,
5 డిసెంబర్ 2011.

అత్తా,

నీ ఉత్తరం కూడా బోర్లా పెట్టి రాస్తున్నాను. కళ్ళు చదివితే సరిపోదు, చేతికి రావాలి. రాకపోతే అది తప్పు కాదు, అక్కడ చదవాలని గుర్తు. తప్పిన చోట ఎందుకో రాయాలి. సరిగ్గా చెప్పానా? ఇంకొకటి ఏదో ఉంది, గుర్తు రాలేదు. ఇప్పుడు ఎత్తి చూశాను, అమ్మకు చెప్పమన్నావు. అది మర్చిపోవడానికి కారణం ఉంది, మొదటి రోజే చెప్పి తిట్లు తిన్నాను.

అమ్మ పొయ్యి దగ్గర ఉంది. గుండెలో నాలుగు గదులుంటాయని చెప్పాను. "నాలుగెందుకే, రెండైతే ఏమైతది" అంది. ఏమవుతుందో నాకు తెలియలేదు. పుస్తకంలో ఉంది, నేనే అన్నిసార్లు చదివాను, నా కంటికి ఎప్పుడూ ఆనలేదు. మంచి రక్తం, చెడు రక్తం కలవకుండా ఉండడానికని చూసి వచ్చి చెప్పాను. "గట్ల ముందుగాల చెప్పొద్దా" అని కూర మాడిందని తిట్టింది. ఆ ప్రశ్న మాత్రం జన్మలో మర్చిపోను.

మొదటి రోజు తెల్లకాగితం మీద రెండు వాక్యాలే వచ్చాయి. ఏడ్చాను. ఇదివరకు అన్నీ వచ్చినట్టు ఉండేది, ఇప్పుడు ఏదీ రానట్టు ఉంది. అయినా లేవలేదు. ఇప్పుడు ఒక పేజీ వస్తుంది. లెక్కలు మాత్రం కొండలా మిగిలి ఉన్నాయి, సమ్మెలో పోయిన పాఠాలు సారు పరుగెత్తిస్తున్నారు.

నీ మీద కోపం పోయింది. కొంచెం ఉంది.

మానస

కోరుట్ల,
10 డిసెంబర్ 2011.

మానసా,

సరిగ్గా చెప్పావు. మీ అమ్మ అడిగిన ప్రశ్న మా పిల్లల్ని అడిగాను, ఒక్కరు కూడా చెప్పలేదు.

ఏదీ రానట్టు ఉందన్నావు కదా, ఇప్పుడే నీకు నిజం కనబడుతున్నది. దాన్ని చూసి బెదరకు. లెక్కల్లో అన్నీ పట్టుకోకు, చెప్పిన పాఠాల వరకే గట్టిగా చెయ్యి.

మీ బాపుకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. "మర్లేసుడంటే పిల్లకు తెల్వదా" అని నవ్వాడు. గడువు పెంచమని అడిగితే మాత్రం నవ్వు ఆపేశాడు. "మాటంటే మాటనే చెల్లె" అన్నాడు. నేను ఇంక చేయగలిగింది లేదు, నువ్వే చెయ్యాలి.

ఆ కొంచెం కోపం నీ దగ్గరే ఉండనీ, పరీక్షకు పనికొస్తుంది.

అత్త

ఎల్లారెడ్డిపేట,
27 డిసెంబర్ 2011.

అత్తకు,

ఈ ఉత్తరం నిదానంగా చదువు, మధ్యలో ఆపొద్దు.

శుక్రవారం పేపర్లు ఇచ్చారు. జీవశాస్త్రంలో యాభైకి ముప్పై నాలుగు. సాంఘికం, ఇంగ్లీషు, భౌతికశాస్త్రం అన్నీ పాస్. లెక్కల్లో వందకు ముప్పై ఒకటి వచ్చాయి. ముప్పై ఐదు రావాలి.

బాపు శనివారం వచ్చాడు. అడగక ముందే చెప్పాను. "తక్కినయన్ని పాసైన బాపు. లెక్కల్ల తప్పిన" అన్నాను. బాపు తలకు కట్టుకున్న రుమాలు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. "పండుగ కానియ్యి. సోమారం పోదాం" అన్నాడు. క్రిస్మస్ ఆరాధనలో అందరూ పాడుతుంటే నా నోరు ఊరికే కదిలింది.

సోమవారం పొద్దున అమ్మ నా బట్టలు సంచిలో సర్ది గడప దగ్గర పెట్టింది. అమ్మ నా ముఖం చూడలేదు. బాపు చెప్పులు వేసుకున్నాడు. నేను లెక్కల పేపరు తెచ్చి ఆయన ముందు నేల మీద పరిచి, అక్కడే కూర్చున్నాను.

"నేను రాను బాపు" అన్నాను.

"మాటంటే మాట" అన్నాడు.

"మాట తప్పుమంటలేను. నేను ఎందుకు తప్పిన్నో జర అడుగు, గంతే."

"మొన్న తొమ్మిదచ్చినప్పుడు అడిగితె తెల్వదన్నవ్ గద."

"గప్పుడు తెల్వది. ఇప్పుడు తెలుసు."

బాపు చెప్పులతోనే నిలబడ్డాడు. ఆయనకు అక్షరాలు రావని నీకు తెలుసు. అయినా వేలు పెట్టి చూపించాను. "గిక్కడ మైనస్‌ను మైనస్‌తోని గుణిస్తె ప్లస్ కావాలె. నేను మైనస్‌గనే ఉంచిన. గీ ఒక్క తప్పే గిక్కడ చేసిన, మల్ల గిక్కడ చేసిన. గీ రెండు లెక్కలు రేఖాగణితంల అడిగిండ్రు, గది నేను చదువనే లేదు, టైం సాల్లేదు. గిది మాత్రం వచ్చు, తొందరల తప్పు రాసిన." ప్రతి దాని పక్కన రాసుకున్న వాక్యం చదివి చెప్పాను. బాపు మెల్లగా నా పక్కన గొంతుకూర్చున్నాడు.

"గీ తప్పు మల్ల చేస్తవా?" అని అడిగాడు.

చెయ్యనని ఒట్టేద్దామనుకున్నాను. నోట్లోంచి నిజమే వచ్చింది. "గీ తప్పు చెయ్య. వేరేది చేస్తనేమో. అది ఎందుకు చేసిన్నో గూడ ఎరుక చేసుకుంట" అన్నాను.

బాపు ఆ పేపరు మడిచి నా చేతికిచ్చాడు. తర్వాత సెల్లు తీసి పెద్దమ్మకు ఫోన్ చేశాడు. "వదినే, పిల్ల అస్తలేదు" అన్నాడు. అవతల పెద్దమ్మ ఏదో గట్టిగా అంటున్నది, సాంచాల చప్పుడు నాకు కూడా వినబడింది. "పాస్ కాలే. లెక్కల్ల తప్పింది" అన్నాడు బాపు. కొంచెం ఆగి, "తప్పింది గని, ఎక్కడ తప్పిందో పిల్లకే ఎరుకైంది. గసొంటి పిల్లను కండెల కాడ ఎట్ల కూసోవెడ్తు. నేనే మాట తప్పిన అనుకో" అన్నాడు.

అత్తా, మా బాపు ఆ మాట అనగా నేను ఎప్పుడూ వినలేదు.

సంచిలోంచి నా బట్టలు తీసి అమ్మ చేతిలో పెట్టాడు. ఆ సంచిలోనే తన అంగీ, లుంగీ పెట్టుకుని సిరిసిల్ల బస్సు ఎక్కాడు. బస్సు కదిలాక కిటికీలోంచి తల బయట పెట్టి "ఇంటికి పో, గా తప్పిన లెక్క చెయ్యి" అని అరిచాడు. రోడ్డు మీద అందరూ నన్నే చూశారు.

వచ్చి చేశాను. వచ్చింది.

మానస